పలకరింపుల గడి

గవ్వలదిబ్బ గోడ కావలి చిట్టా
రాసేది: కొక్కిలిగడ్డ నాంచారమ్మ, పెద్ద కావలి, ఒకటో ముక్క

కార్తీక శుద్ధ అష్టమి. గోడ వచ్చిన పద్దెనిమిదో ఏడు

ఇచ్చిన కబుర్లు: ఒకటి. గోడ ముడుచుకోవడానికి పట్టిన సమయం: డెబ్భై నిమిషాలు.

ఈ చిట్టాలో రెండు గళ్ళు నింపి సంతకం పెడితే నా పని అయిపోతుంది. కింద మిగిలిన పేజీకి పట్నం ఆఫీసువాళ్ళు "విశేషాలు" అని పేరు పెట్టారు. పద్దెనిమిదేళ్ళుగా అందులో "ఏమీ లేవు" అని రాస్తున్నాను. ఇవాళ ఉంది.

డెబ్భై నిమిషాలంటే గోడకు ఒంట్లో బాగాలేదన్నమాట. కొత్తలో నలభైకల్లా బిగుసుకునేది. పోయిన నెల యాభై ఐదు పట్టింది. చలికాలం కదా, బద్ధకిస్తోందిలే అని సరిపెట్టుకున్నాను.

పొద్దున్నే పన్నెండుమంది కావలివాళ్ళం పనిలోకి దిగాం. ఆరు కిలోమీటర్ల గోడ పన్నెండు ముక్కలు, ముక్కకొకరం. ముక్కకూ ముక్కకూ మధ్య రబ్బరు అతుకు ఉంటుంది. ముందు గోడకు పట్టిన గుల్లలు గీకాం. తర్వాత బెల్లంనీళ్ళు పోశాం. ఇది సిమెంటు గోడ కాదు. ఆల్చిప్ప జాతి కణాలను వలల మీద పెంచి నిలబెట్టిన గోడ. దానికి ఆకలేస్తుంది. మామూలు రోజుల్లో చిల్లులు చిల్లులుగా, వదులుగా ఉండి నీళ్ళనీ చేపపిల్లల్నీ అటూ ఇటూ పోనిస్తుంది. సముద్రం పొంగే వేళ మేం కబురు పెడితే చిల్లులన్నీ మూసుకుని మనిషిన్నర ఎత్తు లేచి నిలబడుతుంది. ఆరు గంటలు అలా ఉండగలదు. ఆ తర్వాత అలసిపోయి తనంతట తనే వదులవుతుంది. ఒక పూర్తి రోజు విశ్రాంతి లేకపోతే మళ్ళీ బిగుసుకోదు.

కబురంటే ఇక్కడ మాట కాదు, మందు. తేనె రంగులో సీసాలో ఉంటుంది. నేను శంఖం ఊదగానే పన్నెండుమందీ ఎవరి ముక్క నెత్తినున్న గుంటలో వాళ్ళు ఒక చెంచా పోయాలి. గుంట చుట్టూ ఉన్న కణాలు ఆ కబురు విని ముడుచుకుంటాయి. ఊరుకోకుండా తమ సొంత కబురొకటి తయారుచేసి పక్క కణాలకు అందిస్తాయి. అవి ఆ పక్కవాటికి. అర కిలోమీటరు ముక్కంతా అలా పాకి, రబ్బరు అతుకు దగ్గర ఆగిపోతుంది. మా దిబ్బలో ఎవరింట్లో పులుసు మాడినా ఊరంతా తెలిసేది ఈ పద్ధతిలోనే కాబట్టి ఇది మాకు ఎవరూ విడమరిచి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఏడో ముక్క కావలి వీరరాఘవులు సాయంత్రం వచ్చి కూర్చున్నాడు. నాకంటే పదేళ్ళు చిన్న. పనిలో నిదానం, మాటలో తొందర.

"కబురు పాతదైపోయుంటది అక్కా. పౌర్ణమికి రెండేసి చెంచాలు పోద్దాం" అన్నాడు.

నాకూ అదే తోచింది. వినపడనివాళ్ళతో గట్టిగానే కదా మాట్లాడతాం. సరే అన్నాను.

కార్తీక పౌర్ణమి

ఇచ్చిన కబుర్లు: ఒకటి, రెండేసి చెంచాలు. పట్టిన సమయం: నూట పది నిమిషాలు.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. గోడ లేచేలోపే సముద్రపు నీళ్ళు వీధుల్లోకి చీలమండల లోతు వచ్చాయి. ఎండబెట్టిన చేపలు తడిసిపోయిన ఆడవాళ్ళు వాటిని నీళ్ళలోంచి ఏరుకున్నారు. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

నాకు భయం వేసింది. ఇక్కడ రాయకూడదేమో కానీ రాస్తున్నాను. గోడ రాకముందు మా దిబ్బకు మట్టీ సిమెంటూ కలిపిన కరకట్ట ఉండేది. అది తెగిన రోజున మా ఆయన దాని మీదే నిలబడి ఉన్నాడు. అంతకు ముందు నిమిషం దాకా కట్ట చూడ్డానికి గట్టిగానే ఉంది. కట్టకు ఏమయిందో కట్ట చెప్పదు. ఈ గోడ వచ్చినప్పుడు నాకు నచ్చింది ఒక్కటే, ఇది పిలిస్తే పలుకుతుంది. ఇప్పుడు ఇదీ పలకడం మానేస్తోంది.

పట్నం నుంచి హెచ్చరిక వచ్చింది. పక్షం రోజుల్లో నడిసముద్రంలో వాయుగుండం పుట్టేలా ఉందట. అమావాస్య పోటుతో కలిసి వస్తే నీళ్ళు ఇళ్ళ చూరుల దాకా వస్తాయట. దిబ్బ మీద నాలుగు వందల పన్నెండు ఇళ్ళు.

కార్తీక బహుళ విదియ

ఇచ్చిన కబుర్లు: లేవు.

గోడ సంగతి చూడ్డానికి పట్నం నుంచి లాంచీలో ఒక డాక్టరమ్మ దిగింది. పేరు తబస్సుమ్. బందరులో పుట్టిందట. ముప్పై దాటి ఉండవు. వస్తూనే చెప్పులు విడిచి గట్టెక్కింది, అది నాకు నచ్చింది.

ఏడో ముక్కలోంచి గోరంత కోసి సూక్ష్మదర్శిని కింద పెట్టింది. చాలాసేపు చూసి నన్నూ చూడమంది. చిన్న చిన్న బుడగలు పక్కపక్కన ఒత్తుకుని కనిపించాయి.

"ఒక్కో కణం ఒంటిమీద చెవుల్లాంటివి ఉంటాయండీ నాంచారమ్మగారూ. ముడుచుకోమనే కబురు పట్టే చెవులు వేరు, ఆకలి కబురు పట్టేవి వేరు. ఎవరి చెప్పు వాళ్ళ కాలికే పడుతుంది కదా, అలాగ. కబురొచ్చి చెవిలో కుదురుకుంటేనే కణం కదులుతుంది."

"మరి మా కబురు పాడైందా?"

"కబురు బాగానే ఉంది. చెవులే లేవు. పది ఉండాల్సిన చోట రెండున్నాయి. మిగతావి కణం లోపలికి లాగేసుకుంది."

"చెవులు లోపలికి లాక్కోవడమేంటమ్మా?"

"ఇరవైనాలుగ్గంటలూ అదే మాట వినబడుతుంటే ఎవరైనా చేసేది అదే కదండీ. మీరు నెలకి ఎన్ని కబుర్లు ఇస్తారు?"

"నాలుగు. పౌర్ణమి, అమావాస్య పోట్లకి రెండు, అష్టముల్లో పరీక్షకి రెండు. చిట్టా చూసుకో" అన్నాను. అది నిజమే. చిట్టా అంతా తిరగేసింది. నెలకు నాలుగు, ఒక్కటీ ఎక్కువ లేదు.

"నాలుగు కబుర్లకే ఇలా కాకూడదే" అని తల గోక్కుంది.

కార్తీక బహుళ తదియ

ఇచ్చిన కబుర్లు: లేవు. అని రాయబోయి ఆగాను.

పొద్దున నేను పనిలోకి వచ్చేసరికి డాక్టరమ్మ గట్టు మీద టీ తాగుతోంది. నేను అలవాటుగా తాటాకు పాకలో వేలాడే గవ్వ అందుకుని, సీసాలోంచి ఒక్క చుక్క పట్టి, గుంటలో వదిలి, అరచేయి గోడకు ఆనించాను. గోడ సన్నగా ఒణికింది. ఈమధ్య మరీ సన్నగా.

"అదేంటండీ?" అంది.

"ఏది? ఇదా? పలకరింపు."

"అదే కబురు కదా?"

"కాదమ్మా, కబురంటే చెంచాడు. ఇది చుక్క. కుశలం అడగడం, అంతే."

ఆమె టీ గ్లాసు కింద పెట్టింది. "రోజుకి ఎన్నిసార్లు?"

నేను భుజాలు తడుముకున్నాను. రాఘవుల్ని పిలిచాను. ముగ్గురం కూర్చుని వేళ్ళు మడిచాం. మొదట కావలికి వచ్చినప్పుడు, పొద్దునా సాయంత్రం. తర్వాత రోజుకు నాలుగు పూటల కావలి అయింది, వచ్చేటప్పుడొకటి, పోయేటప్పుడొకటి. పన్నెండు ముక్కలకీ. ఆ తర్వాత ఊళ్ళోవాళ్ళు మొదలుపెట్టారు. వేటకు పడవ దిగేముందు ఒకటి, క్షేమంగా తిరిగొస్తే ఒకటి. పెళ్ళికూతురు ఒకటి. పరీక్షలకు వెళ్ళే పిల్లలు. పుట్టిన పిల్లని పదకొండో రోజు తెచ్చి, ఉయ్యాల్లో వేసేముందు చూపించి ఒకటి. గోడకు చూపించని పిల్లని సముద్రం గుర్తుపెట్టుకుంటుందని మాలో ఒక మాట ఉంది. ఆ మాట మొదట అన్నది కూడా నేనే అయుంటాను.

"రోజుకి రమారమి రెండొందలు" అన్నాడు రాఘవులు, మడిచిన వేలు మడిచినట్టే ఉంచి.

"ఒక్కటీ చిట్టాలో లేదు" అంది డాక్టరమ్మ.

"గడి లేదు కదమ్మా" అన్నాను.

గడి లేకపోవడం కాదు అసలు సంగతి. పలకరింపు మొదలుపెట్టింది నేను. మొట్టమొదటి రోజు, గోడ బతికే ఉందా లేదా అని చుక్క వేసి చెయ్యి పెట్టి చూశాను. అది ఒణికింది. నాకు ఏడుపొచ్చింది. మర్నాడూ చూశాను. నన్ను చూసి మిగతావాళ్ళు. పద్దెనిమిదేళ్ళు దాని చెవిలో ఇల్లు కట్టుకుని "ఉన్నావా, ఉన్నావా" అని పోరాం. దానికి విసుగు పుట్టించింది శత్రువులెవరూ కాదు. మేమే.

"మళ్ళీ చెవులొస్తాయా?" అని అడిగాను.

"వస్తాయి. ఎవరూ ఒక్క చుక్క కూడా వెయ్యకపోతే పన్నెండు రోజులు. సరిగ్గా అమావాస్యకి. మధ్యలో కదిపితే మాత్రం నేను చెప్పలేను."

ఈ గొడవలోనే రాఘవులు కూతురు మల్లిక ప్రసవించిందని కబురొచ్చింది. ఆడపిల్ల. ఇది మందు కబురు కాదు, మామూలు కబురు. రాఘవులు వేళ్ళు విప్పి పరిగెత్తాడు.

కార్తీక బహుళ చవితి

ఇచ్చిన కబుర్లు: లేవు. పలకరింపులు కూడా.

పన్నెండు పాకల్లోని సీసాలూ పోగుచేసి నా ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. బడి దగ్గర అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. ఎవరూ గోడతో మాట్లాడకూడదు. వేటకు పోయినా, వచ్చినా, చచ్చినా, పుట్టినా.

"అసలే దానికి బాలేదంటన్నావు. బాలేనప్పుడే కదా పలకరిస్తాం?" అంది ముందు వరసలో ఒక ముసలమ్మ.

డాక్టరమ్మ చెప్పింది, "జొరమొచ్చినవాళ్ళని పడుకోనివ్వాలి కదమ్మా." ముసలమ్మ ఒప్పుకుంది కానీ మొహం మాత్రం ఒప్పుకోలేదు.

కార్తీక బహుళ అష్టమి

ఇచ్చిన కబుర్లు: లేవు. చెవులు: పదికి అయిదు.

ఇవాళ జరగాల్సిన పరీక్ష మానేశాం. గుల్లలు గీకడం, బెల్లంనీళ్ళు పోయడం, అంతే పని. పొద్దున గవ్వ కోసం చెయ్యి దానంతటదే లేస్తోంది. ఆ చేతిని కొంగులో కట్టేసుకుంటున్నాను. నన్ను చూసి రాఘవులు, "అక్కకి కూడా చెవులు లోపలికి పోతే బాగుండు, మా తిప్పలు తప్పేయి" అంటున్నాడు.

ఒక విశేషం. చుక్క వెయ్యకుండా అరచేయి ఆనించి నిలబడితే గోడలో ఏదో సన్నగా కదులుతోంది. ఆగి, మళ్ళీ కదులుతోంది. డాక్టరమ్మను పిలిచి చూపించాను.

"అవి వాటిలో అవి మాట్లాడుకుంటున్నాయండీ. తిండి వచ్చిందనీ, నీళ్ళు చల్లబడ్డాయనీ. ఎప్పుడూ మాట్లాడుకుంటూనే ఉంటాయి."

మరి ఇన్నేళ్ళూ నాకెందుకు తెలియలేదని అడగబోతుంటే నాకే తట్టింది. గుంటలో చుక్క వేసి ఒణుకు కోసమే చూసేదాన్ని. ఒణికాక చెయ్యి తీసేసేదాన్ని. చాలాసేపు అలాగే నిలబడ్డాను ఇవాళ. సంతోషంగా ఉంది.

కార్తీక బహుళ త్రయోదశి

ఇచ్చిన కబుర్లు: లేవు. చెవులు: పొద్దున ఒకటో ముక్కలో చూస్తే పదికి తొమ్మిది.

తుపాను ఒక రోజు ముందే వస్తోంది. రేపు సాయంత్రం నాలుగున్నరకు నీళ్ళు అన్నిటికంటే ఎత్తున ఉంటాయట. ఎనిమిదింటి దాకా తగ్గవట. తొమ్మిది చెవులున్నా చాలంది డాక్టరమ్మ. "ఒక్క చెంచా చాలు. కానీ ఒక్కసారే. రెండో అవకాశం లేదు."

మధ్యాహ్నం రాఘవులింట్లో మనవరాలి పదకొండో రోజు. పాయసం పెట్టారు. పిల్లకు ముక్కు అచ్చం తాతదే, పాపం. రాఘవులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. వడ్డిస్తూ పక్కకు చూశాడు. తుపాను దిగులనుకున్నాను.

కార్తీక బహుళ చతుర్దశి

ఇచ్చిన కబుర్లు: ఒకటి, ఒక్కో చెంచా. పట్టిన సమయం: ముప్పై నాలుగు నిమిషాలు. పదకొండు ముక్కలకు.

వరసగా రాస్తాను.

పన్నెండింటికే గాలి లేచింది. ఊళ్ళో చాలామంది బడి డాబా మీదికి చేరారు. అందరూ నా శంఖం వైపే చూస్తున్నారు. "ఊదమ్మా, ఊదు, ఇంకా దేనికి" అంటున్నారు. అప్పుడే ఊదితే గోడ ఏడింటికల్లా అలసిపోతుంది, నీళ్ళు ఎనిమిదింటి దాకా ఉంటాయి. ఆలస్యం చేస్తే గోడ లేచేలోపు నీళ్ళు లోపలికి వస్తాయి. గట్టు మీద కూర్చుని నీటిగుర్తు చూస్తూ ఉన్నాను. ఒంటిగంట. రెండు. కాళ్ళ మీద నురగ పడుతోంది. నా జన్మలో ఇంతసేపు నోరు మూసుకుని కూర్చోలేదు.

మూడింటికి ఊదాను.

ముందు ఏమీ జరగలేదు. తర్వాత నా అరచేతి కింద ఒకటో ముక్క ఒక్కసారిగా బిగిసింది, ఒళ్ళు విరుచుకున్నట్టు. చిల్లులు మూసుకుంటూ మూసుకుంటూ పోయాయి. కొత్తలో కూడా ఇంత చురుగ్గా లేవలేదు. ముక్క లేవగానే కావలివాళ్ళు తెల్లగుడ్డ ఎగరెయ్యాలి. రెండో ముక్క ఎగరేసింది. మూడు, నాలుగు, పన్నెండు, పదకొండు. లెక్కపెట్టాను. ఏడు లేదు.

పరిగెత్తాను. ఏడో ముక్క వదులుగా వేలాడుతోంది, నీళ్ళు దాంట్లోంచి ధారలుగా వస్తున్నాయి. రాఘవులు గుంట పక్కన కూర్చుని ఉన్నాడు.

"చెంచా పోశావా?"

"పోశానక్కా. వింది. అలసిపోయి ఉంది, లెగవలేకపోతంది."

"దేనికి అలిసిపోయింది?"

చెప్పాడు. నిన్న పిల్లని ఉయ్యాల్లో వేసేముందు తెచ్చి చూపించాడట. సీసాలు నా పెట్టెలో ఉన్నాయి కదా. కానీ నేను సీసాలు తీసుకుని గవ్వలు తాళ్ళకే వదిలేశాను. పద్దెనిమిదేళ్ళ కబురు ఎండి గారకట్టి ఉంది వాటిలో. మంచినీళ్ళతో కడిగి ఆ కడుగు గుంటలో పోశాడు. ఒక్క పలకరింపే అనుకున్నాడు. కొత్త చెవులు వచ్చిన గోడకు అది శంఖం లాగే వినిపించింది. ఏడో ముక్క నిలువునా లేచి ఆరు గంటలు నిలబడింది. పాయసం హడావుడిలోనూ తుపాను సర్దుళ్ళలోనూ అది ఇంకెవరి కంటా పడలేదు. ఒక్క రోజైనా విశ్రాంతి లేదు.

"నిన్ననే చెప్పొచ్చు కదరా."

"అంత ఎత్తు లేచిందక్కా. బాగైపోయిందనుకున్నా. నువ్వు తిడతావని కూడా అనుకున్నా."

తిట్టడానికి టైము లేదు. ఏడో ముక్క వెనక ముప్పై ఒక్క ఇళ్ళు. మళ్ళీ శంఖం ఊదాను, ఈసారి మనుషుల కోసం. పడవలు తెచ్చారు. డాబాకు రాకుండా ఇంట్లోనే ఉండిపోయిన వాళ్ళందరినీ ఎక్కించాం. మల్లికనీ పిల్లనీ మూడో పడవలో ఎక్కించాం. ఐదింటికి ఆ వీధిలో నడుములోతు నీళ్ళు. మిగతా పదకొండు ముక్కలూ తొమ్మిది దాటేదాకా కదలకుండా నిలబడ్డాయి.

మనుషులు ఎవరూ పోలేదు. రెండు మేకలు పోయాయి. ముప్పై ఒక్క ఇళ్ళలో ఒకటి రాఘవులుది.

కార్తీక అమావాస్య

ఇచ్చిన కబుర్లు: లేవు.

నీళ్ళు తీశాయి. పగలంతా బురద ఎత్తిపోశాం. డాక్టరమ్మ కూడా చీర ఎగగట్టి తట్ట పట్టింది. పన్నెండు గవ్వలూ తెచ్చి బెల్లం కుండలో నానబెట్టి, ఆ నీళ్ళు దిబ్బ అవతల దూరంగా పారబోయించింది.

పట్నం ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఏడో ముక్క ఎందుకు లేవలేదు, కారణం, బాధ్యులు. చిట్టాలో రాసి సంతకాలతో పంపాలి. పెద్ద కావలి రాశాక ఆ ముక్క కావలివాడు సంతకం పెట్టడం పద్ధతి.

కారణం దగ్గర "పలకరింపు" అని రాశాను. బాధ్యులు దగ్గర నా పేరు రాశాను.

తర్వాత స్కేలు తీసుకుని ఈ పేజీలోనూ, ముందు ఖాళీగా ఉన్న పేజీలన్నిట్లోనూ మూడో గడి గీశాను. నెత్తిన "పలకరింపులు" అని రాశాను. అడిగితే పట్నంవాళ్ళకు చెప్పుకుంటాను.

రాఘవులు బురద చేతులు తుడుచుకుంటూ వచ్చి చదివాడు. అతను నెమ్మదిగా చదువుతాడు, పెదాలు కదిలిస్తూ.

"నా పేరు రాయలేదేంటక్కా?"

"నువ్వు చేసింది ఒక్కసారి. నేను చేసింది పద్దెనిమిదేళ్ళు. ఎవరిది ఎక్కువో నువ్వే చెప్పు."

"ఇల్లు మునిగింది నాది."

"అందుకే సంతకం పెట్టి పో. పిల్ల ఏడుస్తోందేమో చూడు."

అతను పెన్ను తీసుకున్నాడు. సంతకం పెట్టలేదు. వెనక్కి ఒక్కో పేజీ తిప్పి త్రయోదశి దగ్గర ఆగాడు. ఆ పేజీలో నేను గడి గియ్యలేదు. రాఘవులు స్కేలు అడిగి తీసుకుని తనే గీశాడు, కొంచెం వంకరగా వచ్చింది. లోపల రాశాడు: ఒకటి. ఏడో ముక్క. మనవరాలి కోసం. వీరరాఘవులు.

నేను దాని కింద సంతకం పెట్టాను. పద్దెనిమిదేళ్ళలో ఈ చిట్టాకెక్కిన మొదటి పలకరింపు అది.